చివరి అంకె కాదు వదినా, మొదటి అంకె చూడు

"28-300 లెన్సట వదినా. మా వాడి కెమెరాకి పట్టీస్తాదట. కొత్తదానికయ్యే డబ్బులో నాలుగో వంతుకి ఇచ్చీస్తానన్నాడు షాపాయన. ఏటంటావు?" అని అడిగింది మా పక్కింటి వదిన.

ఏమంటాను! వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం ఒక్క పూట చాల్లేదు. గోడకి అటు ఆవిడ, ఇటు నేను, మధ్యలో కుక్కరు కూతలు, కూరలబండి, పోస్టుమేను. విడతలు విడతలుగా సాగిన మాటలివి.

వదిన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయింది. పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లె. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు కొత్త కెమెరా కొనుక్కుని, తన పాత నికాన్ బాడీ, దాంతో వచ్చిన 18-55 లెన్సు తల్లికి ఇచ్చీసి వెళ్ళాడు. పొద్దున్నే వాకింగుకి వెళ్ళే ఆడవాళ్ళంతా కలిసి వేను మాట్లాడుకుని ఆదివారాలు తిరుగుతుంటారు. రామతీర్థం, తాటిపూడి, అరసవల్లి, కళింగపట్నం, అలా. ఆ తిరుగుళ్ళకి ఒక్కటే లెన్సు ఉండాలి, దాన్ని మళ్ళీ విప్పకూడదు, దగ్గరవీ దూరానివీ అన్నీ అందులోనే రావాలి. ఆవిడ కోరిక అదీ. న్యాయమైన కోరికే.

ఈ సంగతులు నాకెందుకు తెలుసంటారా? మా ఇంటాయన చాలా ఏళ్ళు ఈ విజయనగరంలోనే ఫొటో స్టూడియో నడిపారు. ఆయన డార్క్‌రూములో ఉంటే కౌంటరు నాది. పెళ్ళిళ్ళ రోజుల్లో సామాను సంచీ నాదే. లెన్సుల గొప్పలు ఆయనకి తెలుసేమో గానీ, వాటి బరువు నా భుజానికి తెలుసు.

"300 చూసి మోజు పడకు. ముందున్న 28 చూడు" అన్నాను.

అమ్మేవాళ్ళు ఎప్పుడూ చివరి అంకె చెప్పే అమ్ముతారు. 200 అంటారు, 300 అంటారు, ఇంకా కావాలంటే 400 చూపిస్తారు. కొనేవాళ్ళూ దాన్నే అడుగుతారు. మొదటి అంకె ఎవరికీ పట్టదు. వదిన చూసొచ్చిన ఆ లెన్సు ఫిల్ము కొలతకి చేసినది. 35 ఎమ్మెమ్ ఫిల్ము మీద 28 అంటే 75 డిగ్రీల మేర కనిపిస్తుంది. వదిన కెమెరాలో సెన్సారు ఆ ఫిల్ము ఫ్రేముకన్నా చిన్నది, ఒకటిన్నర రెట్ల తేడా. అందుచేత అదే 28 ఈ కెమెరాకి తగిలిస్తే 42లా పనిచేస్తుంది. మేర 53 డిగ్రీలకి పడిపోతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న చిన్న 18-55 లెన్సే 76 డిగ్రీలు చూపిస్తోంది. డబ్బులిచ్చి కొన్నాక ఇప్పుడు కనిపించేది కూడా కనిపించకుండా పోతుందన్నమాట.

"పోతే పోనీ, రెండడుగులు వెనక్కేస్తే సరిపోదేటి?" అంది వదిన.

వెనక్కి వెయ్యడానికి చోటుండొద్దూ! శ్రీముఖలింగమే తీసుకో. మధుకేశ్వరాలయం ప్రాకారం లోపల చుట్టూ చిన్న గుళ్ళు, మధ్యలో ప్రధానాలయం. శిఖరం కింద నుంచి కలశం దాకా ఒక్క ఫొటోలో రావాలంటే వెనక్కి జరిగే కొద్దీ వీపుకి గోడ తగులుతుంది. తూర్పు గాంగుల నాటి ఆ రాతి పనిని 18 దగ్గర ఎలాగో సర్దుకుని తియ్యొచ్చు. 28 అయితే శిఖరమో ద్వారమో ఏదో ఒకటి వదులుకోవాలి. అదే గుమ్మం పైన చెక్కిన బొమ్మలు కావాలంటే మళ్ళీ 100 దాటాలి. మన చుట్టుపక్కల గుళ్ళన్నిటిదీ ఇదే తీరు. నిలబడే చోటు తక్కువ, చూడాల్సింది ఎత్తున.

సిరిమాను సంగతి ఎత్తేసరికి వదిన మెత్తబడింది. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం అంటే మా చుట్టుపక్కల చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. యాభై అరవై అడుగుల చింతమాను, దాని కొసన బిగించిన ఆసనంలో అమ్మవారి ప్రతిరూపంగా కూర్చున్న పూజారి. మూడు లాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. జనం చేతుల్లో అరటిపళ్ళు. మొక్కున్నవాళ్ళు సిరిమాను మీదకి విసురుతారు. గురి తప్పినవి మన మీద పడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. వదిన సోషల్ టీచరే గానీ లెక్కలంటే ఇష్టం, కాగితం కూడా తెచ్చుకుంది. మేడ మెట్ల మీదో, అరుగు మీదో మనకి చోటు దొరికింది, సిరిమాను 15 మీటర్ల దూరంలోంచి పోతోంది అనుకుందాం. కెమెరా నిలువుగా పట్టుకుంటే 18 దగ్గర ఫ్రేములో 19 మీటర్ల పైచిలుకు ఎత్తు పడుతుంది. అంటే కింద బండి, లాగుతున్న జనం, పైన పూజారి, అన్నీ వచ్చేస్తాయి. 28 దగ్గర పడేది పన్నెండున్నర మీటర్లే. బండి ఉంటే పూజారి ఉండడు, పూజారి ఉంటే బండి ఉండదు. సిరిమాను ముందుకెళ్ళిపోయి 40 మీటర్ల దూరమయ్యాక 140 దాకా తిప్పితే ఆరున్నర మీటర్ల మేర మిగులుతుంది. ఆసనం, చామరాలు, పూజారి ముఖంలో అలసట కూడా అందుతాయి. ఈ రెండు ఫొటోల మధ్య మనకి దొరికేది నిమిషం. ఆ తోపులాటలో, పసుపు కుంకాలు గాల్లో ఎగురుతుంటే, ఒక లెన్సు విప్పి ఇంకో లెన్సు బిగించే సాహసం ఎవరు చేస్తారు? విప్పిన కన్నంలో దుమ్ము పడిందంటే సెన్సారు మీద మచ్చ, ఆ తర్వాత తీసిన ప్రతి ఆకాశంలోనూ అదే మచ్చ.

అన్నిటికీ ఒకటే అయిన లెన్సు ఇందుకు కొనాలి. ఫొటో నాణ్యం కోసం కాదు. విప్పక్కర్లేదు కాబట్టి కొనాలి.

లోపల పేపరు చదువుతున్న మా ఇంటాయనకి ఈ మాట వినిపించింది. ఆయనకి జూమ్ అంటే మొదట్నుంచీ చిన్నచూపు. యాషికా ట్విన్ లెన్సు మీద చెయ్యి తిరిగిన మనిషి. "దగ్గరకెళ్ళి తియ్యొచ్చు కదా, ఆ గొట్టాలన్నీ ఎందుకు" అన్నారు గుమ్మంలోకొచ్చి.

"అన్నయ్యగారూ, సిరిమాను రోజున మిమ్మల్ని మూడు లాంతర్ల దగ్గర వదిలీస్తాను, దగ్గరకెళ్ళి తీసి చూపించండి" అంది వదిన. ఆయన నవ్వేసి పేపరుతో లోపలికెళ్ళిపోయారు.

ఆయన చిన్నచూపుకి కారణం లేకపోలేదు. టామ్రాన్ కంపెనీ 28-200 లెన్సుని చేతిలో ఇమిడేంత చేసి తెచ్చింది 1992లో. అప్పట్లో అదో వింత. కానీ రెండు మీటర్ల పైన దూరం ఉంటే గానీ దానికి ఫోకస్ అందేది కాదు. ఎదురుగా పీట మీద కూర్చున్న పెళ్ళికూతురు చేతి గోరింటాకు తియ్యాలంటే హాల్లో సగం దూరం వెనక్కి నడవాలి. తర్వాత తర్వాత ఆ దూరం తగ్గింది. 2005లో నికాన్ 18-200 తెచ్చినప్పుడు, అందులో చెయ్యి వణుకుని సర్దే వీఆర్ కూడా ఉండడంతో, విలేకరులు, యాత్రికులు దాని కోసం నెలలు ఎదురుచూశారు. ఇప్పుడొచ్చే వాటికి అరమీటరు లోపే ఫోకస్ దొరుకుతుంది. బొబ్బిలి పక్క గొల్లపల్లి వెళ్ళి, పనస దుంగని తొలిచి వీణ చేస్తున్న చోట కూర్చుంటే, ఆ యాళి తల మీది చెక్కుడూ, ఉలి పట్టుకున్న చెయ్యీ, చుట్టూ రాలిన పొట్టూ అన్నీ ఆ ఒక్క లెన్సుతోనే వచ్చేస్తాయి. ఈయన తీర్పు మాత్రం 1992 దగ్గరే ఆగిపోయింది.

"అయితే మరి పక్షులో?" అంది వదిన మర్నాడు పొద్దున్న. అసలు సంగతి అదీ! 300 మీద మోజు పుట్టింది తేలినీలాపురం వల్లే. పుట్టింటి పక్క ఊరు కాబట్టి ఆ పక్షులు కూడా తమ వాళ్ళే అన్నట్టు మాట్లాడుతుంది. చిన్నప్పుడు చింతచెట్ల కింద వాటి రెట్ట వాసన, నౌపడా ఉప్పుమడుల వైపు వరసగా ఎగిరెళ్ళడం, కొంగలు రాకపోతే ఊరికి అరిష్టమని పెద్దవాళ్ళు అనుకోవడం, అన్నీ ఏకరువు పెట్టింది. ఊళ్ళో అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి అక్కడ గూళ్ళు పెట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు రెండూ మన దక్షిణాసియా చుట్టుపక్కల ఉండేవే. నేనీ మాట అంటే వదినకి కాస్త కోపం వచ్చింది. "ఏటి, మా ఊరి పక్షులకి అంత దూరం రాదంటావా?" అంది. నేను ఊరుకున్నాను.

తేలినీలాపురంలో ఉన్న సుఖం ఏమిటంటే అవి ఊళ్ళో చెట్ల మీదే కాపురం పెడతాయి. పెలికాన్ అంటే చిన్న పిట్ట కాదు, రెక్కలు విప్పితే మనిషి పొడుగు దాటుతుంది. గూటిలో పిల్లకి మేత పెట్టడం తియ్యాలంటే 140 అయినా ఈ కెమెరా మీద 210లా పనిచేస్తుంది. ఫొటో తీశాక చుట్టూ కొంత కత్తిరించుకుంటే చాలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో, వానాకాలం గూళ్ళు పెట్టే ఓపెన్‌బిల్ కొంగలకీ అంతే. ఎటొచ్చీ ఎగురుతున్న పక్షికి 300 ఉంటే మంచిదే, కాదనను. కానీ 300 దగ్గర ఈ లెన్సుల్లో చాలావాటి కన్ను, అంటే ఎపర్చరు, 6.3కి ముడుచుకుపోతుంది. 18 దగ్గర 3.5 ఉండే వెలుగులో మూడో వంతే లోపలికొస్తుంది. ఎగిరే పక్షి కదలకుండా దిగాలంటే షట్టరు వెయ్యో వంతు సెకనులో పడాలి. చలికాలం పొద్దున్న మంచులో అంత వెలుగెక్కడిది? ఐఎస్ఓ పెంచుకుంటూ పోవాలి, ఫొటోలో ఇసక రాలినట్టు చుక్కలొస్తాయి. మంచు విడి ఎండ కాసేదాకా ఆగితే మేలు.

"వీఆర్ ఉంటాది కదా?"

ఉంటుంది. అది నీ చేతి వణుకుని ఆపుతుంది వదినా, పక్షి రెక్కని ఆపదు.

ఇక బరువు. ఇది నా సబ్జెక్టు. ఆ కెమెరాకి తగ్గ వాటిలో నికాన్ 18-140 అని ఒకటుంది, 2013లో వచ్చింది, 490 గ్రాములు. 18-300 రెండు రకాలు. 2012లో వచ్చిన పెద్దది 830 గ్రాములు, 2014లో వచ్చిన చిన్నది 550. టామ్రాన్‌లో 18-200 ఒకటి 400 గ్రాములే, 2015 నాటిది. 2017లో వచ్చిన 18-400 ఏడువందలు దాటుతుంది. కాగితం మీద రెండొందల గ్రాముల తేడా ఏపాటిది అనిపిస్తుంది. సాలిహుండం కొండ ఎక్కుతుంటే తెలుస్తుంది. పైన స్తూపం, కింద వంశధార, దూరంగా సముద్రం వైపు మలుపు, చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ అక్కడికెక్కేసరికి మెడ లాగేస్తుంది. బరువైన లెన్సు మొదటి రెండు వారాలు వస్తుంది, మూడో వారం "ఈసారికి ఫోన్ చాల్లే" అని బీరువాలో ఉండిపోతుంది. స్టూడియో రోజుల్లో ఎంతమంది బీరువాల్లోంచి బూజు పట్టిన లెన్సులు తెచ్చి చూపించేవారో!

ఫోన్ మాట వచ్చింది కాబట్టి వదిన వేసిన ప్రశ్న ఒకటి చెప్పాలి. నన్ను కాసేపు తెల్లమొహం వేయించింది. "మొదటి అంకె మొదటి అంకె అంటున్నావు. వెడల్పు ఫొటో ఫోన్‌లో వచ్చీస్తాది కదా. అప్పుడు లెన్సు దూరానికుంటే చాలదేటి?"

ఈ కాలంలో అది నిజమే. ఫోన్లలో వెడల్పు కన్ను వేరే పెడుతున్నారు. ఎండలో తీసిన వెడల్పు బొమ్మకి ఫోనుకీ కెమెరాకీ తేడా మామూలు కళ్ళకి తెలియదు. ఒంటరిగా తీరిగ్గా తిరిగే మనిషయితే నేనూ అదే చెయ్యమంటాను. కానీ పదిమంది ఆడవాళ్ళతో వేనులో వెళ్ళినప్పుడు ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో ఫోను, మధ్యలో కొబ్బరిచెక్క, ప్రసాదం పొట్లం! కంటికి ఆనించిన కెమెరాని దించకుండా దూరం నుంచి దగ్గరకి తిప్పుకోవడంలో ఉన్న సుళువు వేరు. ఇది నా పక్షపాతం అనుకున్నా సరే.

ఫోను గట్టిగా గెలిచేది ఇంకో చోట ఉంది: చీకట్లో. శ్రీకూర్మం ప్రదక్షిణ మండపంలో గోడల మీది బొమ్మలున్నాయి చూడు, అక్కడ వెలుతురు తక్కువ. పాత రంగులు కాబట్టి ఫ్లాష్ వెయ్యకూడదు. అక్కడ ఈ పెద్ద జూమ్ కళ్ళు తేలేస్తుంది. కదలని గోడ కాబట్టి ఫోను నైట్ మోడ్‌లో చక్కగా తీసి పెడుతుంది. బొర్రా గుహల్లో రంగు దీపాల కిందా అంతే. కదిలే మనిషి వచ్చాడా, అప్పుడు ఫోనూ చేతులెత్తేస్తుంది. మన సంగీత కళాశాల ఉంది కదా, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైంది. అలాంటి చోట సాయంత్రం కచేరీలో వయొలిన్ కమాను పట్టిన చెయ్యి తియ్యాలన్నా, జాతరలో ట్యూబులైట్ల కింద తప్పెటగుళ్ళవాళ్ళు గుండె మీది తప్పెట వాయిస్తూ గెంతుతుంటే తియ్యాలన్నా, జూమ్‌తో కుదరదు, ఫోన్‌తో కుదరదు. దానికి జూమ్ లేని చిన్న లెన్సు, 35 ఎమ్మెమ్, 1.8 అని ఒకటి ఉంటుంది. 200 గ్రాములు. అదే 35 దగ్గర జూమ్ తెచ్చే వెలుగుకి ఐదారు రెట్లు తెస్తుంది. పాతది చవగ్గా దొరుకుతుంది. జేబులో పడేసుకోవచ్చు.

"ఒక్కటే లెన్సని మొదలెట్టి రెండు చేసీసావు" అంది వదిన.

అన్నిటికీ ఒకటే అయిన లెన్సు మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరు లాంటిది వదినా. జ్వరానికీ, దెబ్బకీ, అజీర్తికీ అన్నిటికీ పలుకుతాడు, పిలిస్తే ఇంటికొస్తాడు. కొన్నిటికి మాత్రం విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి పొమ్మని ఆయనే చెప్తాడు. చెప్పాలి కూడా.

ఇంకో చిన్న జబ్బు కూడా ఉంది వీటికి. 18 దగ్గర గీతలు వంగుతాయి. కోట గుమ్మం స్తంభాలు పొట్ట ఉబ్బినట్టు బయటికొస్తాయి. జూమ్ పెంచితే నడుం సన్నబడ్డట్టు లోపలికెళ్తాయి. ఇంత మేరని ఒక్క గొట్టంలో ఇరికించినందుకు కట్టే సుంకమిది. నికాన్ మెనూలో ఆటో డిస్టార్షన్ కంట్రోల్ అని ఉంటుంది, అది వేసి ఉంచితే కెమెరాయే సర్దుతుంది. చివరి అంకె దగ్గర ఫొటో కాస్త మెత్తగా వస్తుంది. ఎండ బాగా ఉంటే కన్ను 8 దగ్గరకి తిప్పి తియ్యి, కొంత గట్టిపడుతుంది. వేను గుంపుని నిలబెట్టి తీసే ఫొటోకి వీటిలో ఏదీ పట్టించుకోనక్కర్లేదు.

ఆ మధ్య మా అక్క కొడుకు వచ్చాడు. వాడిది అద్దం లేని కొత్త రకం, మిర్రర్‌లెస్, సెన్సారు ఫిల్మంత పెద్దది. వాడికీ ఇదే గొడవ. నికాన్‌లో 24-200 అని 2020లో ఒకటి, 570 గ్రాములు. 2024లో 28-400, 725 గ్రాములు. కేనన్ వాళ్ళకి 24-240, సోనీ వాళ్ళకి టామ్రాన్ 28-200. వాడు 400 వైపు మొగ్గాడు. కాగితం మీద గీసి చూపించాను. 24కి 84 డిగ్రీలు, 28కి 75. పోగొట్టుకునేది 9 డిగ్రీలు. అటు చివర 200కి 12 డిగ్రీలు, 400కి 6. ఆ ఆరు డిగ్రీల కోసం కన్ను 8కి ముడుచుకుంటుంది. వాడు తల గోక్కున్నాడు. ఏది కొన్నాడో మాత్రం నాతో అనలేదు. అడగలేదు నేను కూడా. పక్షుల పిచ్చి ఉన్నవాడు, 400 కొన్నా తప్పులేదు.

వదిన విషయంలో తేలినదేమిటంటే, 18-140 పాతది, పక్కన ఆ చిన్న 35. పక్షుల మోజు ఇంకా తీరకపోతే విశాఖలో రోజు అద్దెకిచ్చే వాళ్ళుంటారు, తేలినీలాపురం వెళ్ళే వారం పొడుగు లెన్సు అద్దెకి తెచ్చుకోవచ్చు. ఏడాదికి ఒకటి రెండు రోజుల కోసం ఏడాదంతా మొయ్యడమెందుకు?

"పాతదంటే భయం వదినా" అంది.

అన్నిటికన్నా భయపడాల్సింది ఫంగస్‌కే. మన సముద్రపు గాలి తేమకి లెన్సు లోపల సాలెగూడులా తెల్లటి పోగులు పాకుతాయి. ముందూ వెనకా మూతలు తీసి, ఒక చివర నుంచి టార్చి వేసి రెండో చివర నుంచి ఏటవాలుగా చూడాలి. దుమ్ము నలుసులు నాలుగు కనిపించినా ఫరవాలేదు, ఫొటోలో పడవు. పోగులు కనిపిస్తే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తర్వాత జూమ్ రింగు మొత్తం తిప్పి చూడు, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తోందా అని. లెన్సుని కిందకి వేలాడదియ్యి. గొట్టం దానంతటదే జారిపోతుంటే బాగా వాడేశారని అర్థం. కొన్నిటికి 18 దగ్గర ఆపే చిన్న లాక్ ఉంటుంది, అది పని చేస్తోందా లేదా చూడు. మీ వాడి బాడీలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని ఉండాలి. షాపాయన చూపించిన ఆ 28-300లో మోటారు ఉందో లేదో కూడా మనం అడగలేదు, గుర్తుందా? లేకపోతే ప్రతి ఫొటోకీ చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి. నీ బాడీ పట్టుకెళ్ళి, అక్కడే తగిలించి, గోడకున్న కేలండరు 18 దగ్గర ఒకటీ 140 దగ్గర ఒకటీ తీసి, పెద్దది చేసి నాలుగు మూలలూ చూసుకో. ఒక మూల స్పష్టంగా, ఒక మూల అలికినట్టుంటే లోపల అద్దం పక్కకి జరిగిందని లెక్క.

తెచ్చాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టాలి. బియ్యం డబ్బాలో వద్దు, తవుడు పొడి లోపలికి పోతుంది. అసలు మందు వాడకం. వారానికోసారి బయటికి తీసి వెలుతురులో తిప్పితే ఫంగస్ అంత తొందరగా రాదు. కళింగపట్నమో బారువో వెళ్ళొచ్చిన సాయంత్రం మెత్తటి గుడ్డతో ఉప్పుతడి తుడిచీసెయ్.

శనివారం ఇద్దరం విశాఖ వెళ్దామనుకున్నాం. టార్చి నేను తెస్తానన్నాను.

"మూతలు లేవంటే?" అంది వదిన గోడ దిగబోతూ.

"మూతలు ఎక్కడైనా దొరుకుతాయి. హుడ్డు మాత్రం విడిగా కొంటే దండగ, దాన్ని కలిపే ధర మాట్లాడు. నువ్వు మాట్లాడు, నాకు బేరం చాతకాదు."